రాగి గింజ మందం

పంచమి

సుందరక్కా,

నా అక్షరాలు చూసి నవ్వకు. బడి పడవ మన రేవుకి వచ్చింది మూడేళ్లే. అందులోనూ ఒక వానాకాలమంతా నేను చేలో ఉప్పు కడిగే పనిలోనే ఉన్నాను. ఒత్తు ఎక్కడ ఇవ్వాలో, ఎక్కడ అక్కర్లేదో నాకు ఇప్పటికీ తికమకే. కాగితం పాత సిమెంటు సంచి లోపలి పొర. సిరా ఇంజను పొగగొట్టంలో గీకిన మసి, దాంట్లో కాస్త ఆముదం. ఎక్కువ ముంచితే మరకవుతోంది, తక్కువ ముంచితే ఉత్త గీత మిగులుతోంది. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

లంక దిగువన ఉన్న మీ ఇంటికి రావాలని ఉంది గానీ అత్తని వదిలి కదలలేను. ఆవిడకి కుడి చెయ్యి పడిపోయింది, నోరు ఒక పక్కకి లాగేసింది. అందుకని ఏ రోజు సంగతి ఆ రోజు రాసి, కాగితం నిండాక బావ చేత పంపుతాను. బావకి చదువు రాదు కాబట్టి ఏడిపిస్తాడన్న భయం లేదు.

ఇవాళ గింజ నా మెడలోకి వచ్చింది. అదే, మామగారు ఇంజను నడిపిన రోజుల నుంచీ అత్త మెడతాడుకి గుచ్చి ఉన్న రాగి గింజ. వడ్లగింజని అచ్చు తీసి పోసినదట. ఎడం చేత్తో ముడి విప్పలేక అత్త కళ్లనీళ్లు పెట్టుకుంటే నేనే విప్పి నా తాడుకి గుచ్చుకున్నాను.

"ఇంక ముద్ద నువ్వే చదవాలి" అంది. మాట సగం గాలిగా పోతోంది.

"నాకు రాదండీ."

"వచ్చేదేవుందే అందులో? పిండి ముద్ద పిసికి పిస్టన్ మీద పెడతావు. వాళ్లు పైన మూతలా హెడ్డు బిగించి చక్రం ఓ చుట్టు తిప్పుతారు. మళ్లీ హెడ్డు ఎత్తాక నలిగిన ముద్దని మధ్యకి కోసి పక్కన గింజ పెట్టు. ముద్ద గింజ కంటే మందంగా ఉంటే లోపల ఖాళీ చాలినట్టే, 'దాటింది' అను. పల్చగా ఉంటే ఇంజను నడపకూడదు, 'తక్కువ' అను. రెండంటే రెండు మాటలు. వాటిక్కూడా బడి పడవ రావాలా?"

"అంతమంది ముందా అండీ?"

"అంతమంది ముందే. నీది దోమ గొంతు. ఇంజను దగ్గిర దోమలు బతకవు."

కాసేపు ఊపిరి తీసుకుని మళ్లీ తనే చెప్పింది. కొలత చెప్పే పెట్టెలు మూగబోయాక ఈ పని ఇంజను మనిషి పెళ్లానికి అప్పజెప్పారట. ఇంజను పగిలితే ముందు తగిలేది పక్కన కూర్చున్న మొగుడికే కదా, కాబట్టి పెళ్లాం అబద్ధం ఆడదని. ఇంజను మనిషి మాత్రం చదివేటప్పుడు నోరు విప్పకూడదు. తన ప్రాణం గురించి తను మాట్లాడితే పిరికివాడంటారు. చదివాక ముద్దని అక్కడికక్కడే పిసికి కాలవలో వేసెయ్యాలి. పూర్వం అందరికీ చూపించేవారట. ఒక్కొక్కరూ బొటనవేలితో నొక్కి ఎవరికి కావలసిన మందం వాళ్లు చేసుకునేవారట.

ఆ మాట చెబుతూ అత్త నవ్వబోయింది. ఒక పక్కే నవ్వింది.

సప్తమి

పొద్దున్నే సూర్యుడి పలకల మీద వడియాలు పెట్టాను. కరెంటు ఇవ్వడం మానేశాక వాటికి మిగిలిన కొలువు అదే. వంగి లేస్తే గట్టు అవతల సముద్రం మా చూరు కంటే ఎత్తులో కనిపిస్తుంది. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే అయినా ఈ వారం దాన్ని చూస్తే నడుం నొప్పి ఎక్కువవుతోంది.

మా ఆయన మధ్యాహ్నం అన్నానికి వచ్చారు. ఒళ్లంతా చేప నూనె వాసన. ఈ ఏడు కొబ్బరిచెట్ల మొవ్వులు ఉప్పుగాలికి మాడిపోయాయి కదా, కొబ్బరినూనె లేక ఇంజనుకి చేప నూనె పోస్తున్నారు. అది అంటుకోక ఇంజను దగ్గుతోందట. పంపు ఎత్తాల్సినన్ని నీళ్లు ఎత్తడం లేదట.

"ఇవాళ ఓ రేకు వేస్తాం. ముద్ద పిసికి ఉంచు" అన్నారు.

"రేకు వేస్తే ఏవవుతుందండీ?"

నేను ఇంజను గురించి అడగడం ఇదే మొదలు. నోటి దాకా వచ్చిన అన్నం ముద్ద ఆపి నా వైపు చూశారు. "నూనె అంటుకోవాలంటే లోపల గాలి బాగా నలిగి వేడెక్కాలి. పిస్టన్‌ని నెట్టే కనెక్టింగ్ రాడ్డు పాదం కింద ఇత్తడి రేకు పెడితే రాడ్డు ఆ మేరకి పొడుగవుద్ది. పిస్టన్ ఆ మేరకి పైకెళ్లి గాలిని ఇంకాస్త నొక్కుద్ది."

"మరీ పైకెళితేనో?"

"హెడ్డుకి కొట్టుకుంటది."

"కొట్టుకుంటే?"

"పుంతలంక" అన్నారు. ఇంజను పగిలి మునిగిపోయిన ఆ లంక ఉన్న చోట ఇప్పుడు జాలర్లు వలలు వేస్తారు. నీళ్లు తగ్గే పాటు వేళ రెండు తాటి మొదళ్లు పైకి కనిపిస్తాయి.

బియ్యప్పిండిలో వాననీళ్లు పోసి పిసికాను. ఉప్పు తగిలితే లోపల తుప్పు పడుతుందని అత్త చేతులు రెండుసార్లు కడిగించింది. అంటుకోకుండా ఓ చుక్క ఆముదం.

పంపు షెడ్డు దగ్గర లంక పెద్ద ముత్యాలరావు గారు, ఎగువ వాళ్లు, దిగువ వాళ్లు అందరూ ఉన్నారు. నువ్వు రాలేదు గానీ బావ వచ్చాడు. ముద్ద కోశాను. గింజ పక్కన దిట్టంగా ఉంది. "దాటింది" అన్నాను. ఎవరికీ వినపడలేదు.

"ఏవిటంటందీ?" అన్నారు పెద్దాయన.

"దాటిందంటందండీ మా మరదలు!" అని అరిచాడు బావ. "ఆవిడ చెప్పేది నాకు చెప్తాది, నేను లంకకి చెప్తాను. ఆయ్! అబ్బులు అనే నేను ఇవాళ్టినించి మైకుని."

అందరూ నవ్వారు. నాకు తల ఎత్తాలనిపించలేదు. ఇంజను మాత్రం మంచి చప్పుడుతో అందుకుంది.

దశమి

చాకిరీ తెమలడం లేదు. అత్తకి స్నానం, కోళ్లకి మేత, నూనె బట్టలు బూడిదతో ఉడకబెట్టడం. పోటు రోజురోజుకీ పెరుగుతోంది. ఇంటి వెనక గట్టు చెమరుస్తోంది. చెయ్యి పెడితే తడి.

కొత్తగా వచ్చిన నూనె ఇంకా పాడు నూనె. రెండో రేకు వేశారు. ముద్ద చదివాను. దాటింది, కానీ మొన్నటంత కాదు. ఈసారి కూడా బావే అరిచి చెప్పాడు.

సాయంత్రం ఆయన ఇంటికొచ్చి చాలాసేపు చేతులు కడుక్కున్నారు. నేను తిరగలి దగ్గర రేపటి పిండి విసురుతున్నాను. వచ్చి ఎదురుగా కూర్చుని తిరగలి పిడి పట్టుకుని కదిపారు. మన అమ్మ ఇచ్చిన తిరగలేగా, పిడి కన్నంలో వదులై చాలా కాలమయింది.

"ఇది ఎప్పుణ్నించి ఆడతంది?"

"ఎప్పుడూ ఆడుతుందండీ. చీలిక పెట్టండని చెబుతూనే ఉన్నాను."

"మెల్లగా తిప్పు."

తిప్పాను. పిడి కన్నంలో ఒక పక్కకి ఆనుకుని బుద్ధిగా తిరిగింది.

"ఇప్పుడు గట్టిగా."

గట్టిగా విసిరాను. పిడి ఆ పక్కనుంచి ఈ పక్కకి టక్కున కొట్టుకుంది. చేతికి జల్లుమంది.

"రాడ్డు కింద బేరింగు కూడా ఇంతే" అన్నారు. "రేకు వేయడానికి విప్పితే చూశాను. అరిగిపోయింది. చక్రం చేత్తో మెల్లగా తిప్పినప్పుడు పిస్టన్ కిందికి ఆనుకుని ఉంటది. ముద్ద ఆ మందమే చూపిస్తది. ఇంజను పరుగందుకున్నాక పిస్టన్ ఆ వదులంతా మింగి పైకి ఎగురుద్ది. అది ముద్దకి తెలీదు. ముద్దకి మెల్లగా తిప్పడమొక్కటే తెలుసు."

"ఎంత వదులుందండీ?"

"గింజలో సగం ఉండొచ్చు. ఆ గింజ మందమే పెట్టుకున్నది వేడికి సాగేదానికి, అటూ ఇటూ అయ్యేదానికి. అందులో సగం పోతే..." అని ఆగిపోయారు.

"కొత్త బేరింగు పోస్తే?"

"దానికి తెల్ల లోహం తెచ్చే పడవ పున్నమి దాటితే గాని రాదు. పోటుకి ఎదురెవడొస్తాడు?"

"మరి పెద్దాయనకి చెప్పండి."

"ఏవని? నాకు భయంగా ఉందనా?" నవ్వారు గానీ అది నవ్వు కాదు. "ఈ రెండు రేకులకి లాక్కొస్తది. ఇంకోటి వెయ్యమనకుండా ఉంటే చాలు. అన్నం పెట్టు, పాపాయీ."

ద్వాదశి

ఇవాళ నువ్వు వచ్చావు. నువ్వు వచ్చిన సంగతి నీకే రాయడం వెర్రితనమే, కానీ నువ్వు వెళ్లాక ఇల్లంతా బోసిపోయింది.

కొంగుముడి విప్పి వరి వెన్ను చూపించావు. పచ్చిది. పాలు పోసుకుంటున్న గింజ. చేలో ఉప్పు వదలడానికి నువ్వూ బావా ఎన్ని వానలు పట్టి నిలబెట్టారో, ఎన్నిసార్లు తోడిపోశారో నేనూ మోశాను కాబట్టి తెలుసు. మీ దిగువలో మొదటి వరి.

"ఇంకో నెల్లాళ్లు నీళ్లు రాకపోతే చాలే" అన్నావు. "నీ ఇంట్లో ముద్దకి ఈసారి నా బియ్యప్పిండే పెడతాను. కొన్న నూకల పిండితో పిసుకుతున్నావు, సిగ్గులేకుండా."

నేను నీకు బేరింగు సంగతి చెప్పాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా. అదే సమయానికి పెద్దాయన మనిషి వచ్చి రేపు మూడో రేకు అని చెప్పి వెళ్లాడు. ఎగువా దిగువా రెండూ పొడిగా ఉండాలంటే పున్నమి పోటుకి ఇంజనుకి ఇప్పుడున్న జోరు చాలదట. మూడో రేకుకి ముద్ద ఒప్పుకోకపోతే ఎగువకీ దిగువకీ మధ్య ఉన్న అడ్డుగట్టు తూము మూసేసి, దిగువని నీళ్లకి వదిలేసి, ఎగువని మాత్రం తోడుకుంటారట.

నువ్వు నా గడ్డం పట్టుకుని "రేపైనా గట్టిగా చెప్పవే. నువ్వు మీ బావ గొంతుని అద్దెకి తీసుకున్నావని దిగువంతా నవ్వుతున్నారు" అన్నావు.

నేనూ నవ్వాను.

త్రయోదశి

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా ఇవాళ్టిది ఇవాళే రాయాలి, రేపటికి నాకు నేనే వేరేగా చెప్పుకుంటాను.

పాటు వేళకి ఇంజను ఆపారు. మూడో రేకు వేశారు. ముద్ద పెట్టాను, హెడ్డు బిగించారు, నలుగురు పట్టి చక్రం తిప్పారు. మెల్లగా. బుద్ధిగా. నాకు తిరగలే కనిపించింది.

హెడ్డు ఎత్తారు. ముద్ద అప్పడంలా పరుచుకుని ఉంది. కత్తితో అంచు లేపి అరచేతిలోకి తీసుకున్నాను. మధ్యకి కోశాను. తాళి ముందుకు లాగి గింజని పక్కన ఆనించి, వేలు ముద్ద మీంచి గింజ మీదకి జరిపాను. వేలు కిందికి దిగింది. ఎక్కలేదక్కా, దిగింది. మళ్లీ జరిపాను. మళ్లీ వెంట్రుకంత దిగింది.

దాటింది.

తల ఎత్తాను. నువ్వు ముందు వరసలోనే ఉన్నావు. కొంగుముడి మీద చెయ్యి వేసుకుని ఉన్నావు. ఆయన ఇంజనుకి అవతల గోనెగుడ్డతో చేతులు తుడుచుకుంటున్నారు. ఒకటే వేలిని తుడుస్తున్నారు, శుభ్రమైపోయిన వేలిని. నా వైపు చూడలేదు. చూస్తే నాకు ఏదో చెప్పినట్టవుతుందని.

"ఏవమ్మా?" అన్నారు ముత్యాలరావు గారు.

"తక్కువ" అన్నాను.

నా గొంతు షెడ్డు రేకులకి కొట్టుకుని తిరిగొచ్చి నాకే వినపడింది. పుట్టి బుద్ధెరిగి నేను అంత గట్టిగా మాట్లాడలేదు.

బావ ముందుకొచ్చాడు. "ఏవన్నావు మరదలా? నాకు సరిగ్గా వినపళ్లేదు" అన్నాడు. అక్కడ వినపడనివాళ్లు ఎవరూ లేరు.

"తక్కువ బావా."

"ఇంకోసారి చూడకూడదా? ఎండకి చెమట పట్టుంటది చేతికి."

"రెండోసారి చూడ్డం లేదు అబ్బులూ" అన్నారు పెద్దాయన. ఆయన గొంతూ నీరసంగానే ఉంది. మా ఆయన వైపు తిరిగారు. "గవర్రాజూ, రేకు తీసెయ్. ఎవరన్నా పోయి తూము మూసే ఏర్పాటు చూడండి. దిగువోళ్లు రేపు పొద్దుటికల్లా గట్టెక్కాలి."

నేను ముద్దని గుప్పిట్లో పిసికేశాను. వేళ్ల సందుల్లోంచి వచ్చేంత గట్టిగా. కాలవలో వేస్తే చిన్న చేపలు చుట్టుముట్టాయి.

నువ్వు కొంగుముడి విప్పి వెన్నుని ఒకసారి చూసుకుని మళ్లీ కట్టుకున్నావు.

పున్నమి

అడ్డుగట్టు మీద మీ మంచాలు, కోళ్ల గంపలు, తలుపు చెక్కలు. బావ తలుపులు కూడా ఊడదీసుకొచ్చాడు. మా ఇంటికి రమ్మన్నాను. "గొడ్లని వదిలి ఎట్లా వస్తాం" అన్నాడు. మరదలా అని పిలవలేదు.

నీళ్లు ఉరుకుతూ రాలేదు. నేలలోంచి ఊరుతూ, బోదె కాలవల వెంబడి పాకుతూ వచ్చాయి. నీ చేలో వెన్నులు చాలాసేపు పైనే ఉన్నాయి. తర్వాత గాలికి ఊగడం మానేశాయి, నీళ్లతో పాటు ఊగాయి. సాయంత్రానికి అవీ లేవు.

ఇంజను మాత్రం ఆగలేదు. రెండు రేకుల మీద దగ్గుతూ, నల్లపొగ కక్కుతూ ఎగువని నిలబెట్టింది.

నీకు గంజి తెచ్చాను. నువ్వు తాగలేదు. నా చెయ్యి పట్టుకుని, "ఎందుకే అలా చూస్తావు, నువ్వేం చేశావు? ముద్ద ఏం చెబితే అది చెప్పావు. నీ నోట అబద్ధం వస్తుందా?" అన్నావు.

అక్కా, నువ్వు తిట్టి ఉంటే ఈ కాగితాన్ని పొయ్యిలో పెట్టేసి ఊరుకునేదాన్ని.

విదియ

తెల్ల లోహం పడవ వచ్చింది. ఇవాళ పాటు వేళ ఆయన పాత బేరింగు ఊడదీసి కొత్తది పోశారు. పాతదాని సగం ముక్కని ఇంటికి తెచ్చి గడప మీద పెట్టారు. లోపలి పూత పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. గోటితో గీకితే ఒక పెచ్చు ఊడి నా చేతిలోకి వచ్చింది.

"చూశావా" అన్నారు.

నేను అన్నం వడ్డించాను.

"మూడో రేకు వేసుంటే పున్నమి గట్టెక్కేదా అని నన్నడక్కు. పుంతలంక అయ్యుండొచ్చు, అవకపోయుండొచ్చు. నడిచినా నడిచేదేమో. ఇప్పుడు చెప్పేవాడెవడూ లేడు."

"నేను అడగలేదుగా అండీ."

"నేనడుగుతున్నాను." కలిపిన ముద్ద చేతిలోనే ఉంది. "ఆ రోజు నిజంగా తక్కువేనా?"

ఇంకో గరిటెడు అన్నం పెట్టాను. పులుసు పోశాను. ఆయన నా ముఖం చూసి, తర్వాత నా మెడలో గింజని చూసి, తల వంచుకుని తిన్నారు. మళ్లీ అడగలేదు. తిన్నాక చిన్న చెక్క ముక్క చెక్కి తిరగలి పిడికి చీలిక కొట్టారు. ఇప్పుడు అది ఆడడం లేదు.

అదీ సంగతి. ఆయన్ని దాటి నీకు చెబుతున్నాను. ముద్ద దాటింది. నేను తక్కువ అన్నాను. నీ చేను మునిగింది.

బేరింగు అరిగిన మాట నిజం. ఇంజను పగిలితే లంకంతా పోయేదన్నదీ నిజం. అవన్నీ నాకు తెలుసు. కానీ నా నోట ఆ మాట వచ్చేటప్పుడు నేను లంక గురించి అనుకోలేదు. ఆయన తుడుచుకుంటున్న వేలిని చూస్తున్నాను. ఆ పక్కన కూర్చునేది ఇంకొకరి మొగుడైతే నేను దాటింది అనేదాన్నేమో. ఎంత ఆలోచించినా అక్కడికి వచ్చి ఆగిపోతున్నాను. నాలుగు రోజులుగా గిన్నె తోముతూ అదే, అత్తకి తల దువ్వుతూ అదే. అలిసిపోయాను.

అమావాస్యకి మళ్లీ ముద్ద ఉంటుంది. కొత్త బేరింగు కాబట్టి ముద్ద నిజమే చెబుతుంది, నేనూ నిజమే చెబుతాను. వాళ్లు నమ్మాలి. ఒకసారి ముద్ద ఒకటి చెబితే నేనొకటి చెప్పానని తెలిసిందా, ఇంక ఈ గింజకి విలువ ఉండదు. మళ్లీ అందరి బొటనవేళ్లూ వస్తాయి. అందుకే ఎవరికీ చెప్పలేను. నీకు చెప్పకుండానూ ఉండలేను.

నువ్వు వచ్చి చెంప పగలగొడితే నిలబడి కొట్టించుకుంటాను. జన్మలో మాట్లాడనంటే అదీ సరే. అడ్డుగట్టు మీంచి నన్ను చూసి ముఖం తిప్పుకుంటే నాకు అర్థమవుతుంది. బావకి మాత్రం కాగితంలో ఏముందని అడిగితే అత్త ఆరోగ్యం గురించి అని చెప్పు.

చదవగానే కాల్చెయ్యి. దాచకు, నీళ్లలో వెయ్యకు, ఆముదం సిరా నీళ్లకి పోదు. గట్టు మీద పుల్లలన్నీ తడిసి ఉంటాయి, పొయ్యి రాజుకోవడానికి కష్టపడుతుంటావు. ముందు దీన్ని పెట్టు. మసీ ఆముదమే కదా. రేకులేవీ అక్కర్లేకుండా అంటుకుంటుంది.

పాపాయి